అరచేతి అచ్చు: మిట్టెన్ల చరిత్రలో నమూనా కాగితం

మానవ శరీరంలో కొలతకు సులభంగా లొంగనిది చెయ్యి. తల గుండ్రంగా ఉంటుంది. పాదానికి ఒక పొడవు, ఒక వెడల్పు ఉంటాయి. చెయ్యి మాత్రం ఐదుగా చీలుతుంది, ముడుచుకొంటుంది, పట్టుకొంటుంది, విడుస్తుంది. పైగా బొటనవేలు తక్కిన నాలుగు వేళ్ళకు ఎదురుగా నిలబడుతుంది. అటువంటి చేతికి ఇంటిలోనే తొడుగు తయారుచేయడం చలిదేశాల స్త్రీలు శతాబ్దాల తరబడి సాధించుకొన్న విద్య. ఏ విశ్వవిద్యాలయమూ దానికి పట్టా ఇవ్వలేదు. తల్లి చేతి నుండి కూతురి చేతికి అది నేరుగా అందింది. ఆ విద్య మొదట జ్ఞాపకంలోను, తరువాత కాగితం మీదను ఎట్లా నిలిచింది? ఇల్లూ ఊరూ విడిచిపోవలసి వచ్చినవారి వెంట అది ఎంతదూరం ప్రయాణించింది? తెలుగు సీమకు వెలుపల తెలుగు మాధ్యమంలో బోధిస్తూ డెబ్బైయైదు సంవత్సరాలు పూర్తిచేసుకొన్న పాఠశాల యొక్క జూబిలీ సంచికలో ఈ ప్రశ్నలు అప్రస్తుతం కాబోవు.

నాలుగు వేళ్ళకు ఒకే గూడు

ప్రతి వేలికీ విడివిడిగా అరలున్న తొడుగును గ్లౌజు అంటారు. నాలుగు వేళ్ళకూ కలిపి ఒకే గూడు, బొటనవేలికి వేరొక చిన్న గూడు ఉన్నదానికి ఆంగ్లంలో మిట్టెన్ అని పేరు. ఈ మాట ఫ్రెంచి భాషలోని ‘మితేన్’ నుండి వచ్చింది. లాట్వియా భాషలో దీనిని ‘దూరైనిస్’ అంటారు. ఆ భాషలో ‘దూరె’ అంటే పిడికిలి. పిడికిలికి తగిన తొడుగు అన్నమాట. ఉష్ణదేశమైన తెలుగునాట దీని అవసరం అంతగా లేదు. అందువల్ల తెలుగులో దీనికి ప్రత్యేకమైన పేరు స్థిరపడలేదు. చేతి తొడుగు అన్న సామాన్య నామమే అన్నింటికీ చెల్లుతున్నది.

గ్లౌజుకన్న మిట్టెన్ ఎక్కువ వెచ్చగా ఉంటుంది. కారణం సులభగ్రాహ్యమే. విడివిడిగా ఉన్న నాలుగు వేళ్ళు నాలుగు వైపులా వేడిని కోల్పోతాయి. ఒకే గూటిలో ఉన్నప్పుడు గాలికి ఎదురయ్యే ఉపరితలం తగ్గుతుంది, ఒక వేలి వెచ్చదనం మరొక వేలికి అందుతుంది. నిర్మాణంలోను ఇదే సులభం. ఐదు సన్నని గొట్టాలు కుట్టడంకన్న ఒక సంచీ, దానికి ఒక చిన్న పక్కసంచీ కుట్టడం తేలిక. అందువల్లనే ఉత్తర ఐరోపా పల్లెలలోను, ధ్రువప్రాంతపు వేటగాళ్ళలోను ఇంటిలో తయారయ్యే తొడుగుగా మిట్టెన్ స్థిరపడింది. ధ్రువప్రాంతాలవారు సీలు చర్మం, జింక చర్మం కత్తిరించి కుట్టుకొన్నారు. గొర్రెలు పెంచిన ప్రాంతాలవారు ఉన్నినూలుతో అల్లుకొన్నారు.

జ్ఞాపకమే నమూనాగా

వస్త్రం మట్టిలో త్వరగా నశిస్తుంది. కనుక తొడుగుల ప్రాచీన చరిత్రకు ఆధారాలు స్వల్పం. ఎస్టోనియాలోని యోఉగా అనే చోట సమాధులలో లభించిన ఒక చిన్న అల్లిక ముక్క 13వ శతాబ్దాంతం లేదా 14వ శతాబ్దారంభం నాటిదని నిర్ణయించారు. అది ఒక మిట్టెన్ శకలమని, ఉత్తర ఐరోపాలో లభించిన అతి ప్రాచీనమైన అల్లిక వస్తువులలో ఒకటని పరిశోధకులు భావిస్తున్నారు. స్వీడన్‌లోని ఆస్లె వద్ద బురదనేలలో దొరికిన మరొక మిట్టెన్‌ను చాలాకాలం క్రీస్తు శకపు తొలి శతాబ్దాల నాటిదిగా ఎంచారు. తరువాత జరిపిన కార్బన్ పరీక్షలలో అది 16, 17 శతాబ్దాలకు చెందినదని తేలింది. చూపుకు ప్రాచీనంగా కనిపించినది కాలం చేత ప్రాచీనం కానక్కరలేదు. పాత పద్ధతి కొత్త కాలంలోను చేతులలో బతికి ఉండవచ్చునని ఈ ఉదంతం తెలుపుతున్నది.

ఆస్లె మిట్టెన్ రెండు సూదుల అల్లిక కాదు. కన్నమున్న ఒకే సూదితో, పొట్టి నూలుముక్కలు అతుకుతూ, ఒక ఉచ్చులోనుంచి మరొక ఉచ్చు లాగుతూ చేసిన ప్రాచీన పద్ధతి అది. స్కాండినేవియా దేశాలలో దీనిని ‘నోల్‌బిండింగ్’ అంటారు. ఇందులో ప్రతి ఉచ్చునూ ఎడమచేతి బొటనవేలికి చుట్టి బిగువు చూసుకొంటారు. ఆ వేలే కొలబద్ద. పని నిదానం. కాని మధ్యలో ఒక పోగు తెగినా తక్కిన అల్లిక ఊడిపోదు.

అటువంటి పనిలో కాగితపు నమూనాకు తావు లేదు. వయస్సు మీరినవారి చేతులను చూసి చిన్నవారు నేర్చుకొనేవారు. పాత తొడుగు పక్కన పెట్టుకొని, వరుసలు లెక్కించి కొత్తది అల్లేవారు. పాత తొడుగే అచ్చు. ప్రాంతాల అవసరాలు ఆ అచ్చులను మార్చాయి. ఐస్‌లాండ్ జాలర్లకు ఇంటివారు రెండు బొటనవేళ్ళున్న మిట్టెన్లు అల్లి ఇచ్చేవారు. తాడు లాగి లాగి అరచేతి వైపు అరిగిపోతే, తొడుగును తిప్పి రెండవ బొటనవేలి గూటిలో వేలు పెట్టుకొనేవారు. అరిగిన వైపు వెనుకకు, కొత్త వైపు ముందుకు వచ్చేది. పేరు తెలియని ఏ తల్లి ఆలోచనో అది!

లాట్వియాలో మిట్టెన్లు పెళ్ళితో ముడిపడ్డాయి. ఆడపిల్ల చిన్ననాటి నుండే అల్లిక నేర్చి, పెళ్ళినాటికి పెట్టె నిండా మిట్టెన్లు సిద్ధం చేసుకొనేది. వందకు పైగా జతలు ఉండడం విశేషమేమీ కాదు. వివాహ సమయంలో అత్తమామలకు, ఆడపడుచులకు, మరుదులకు, పెళ్ళిపెద్దలకు వాటిని కానుకగా పంచేది. అత్తవారింట కొత్తకోడలు పొయ్యి వద్ద, పశువులశాల వద్ద, ఇంటి ద్వారం వద్ద ఒక్కొక్క జత ఉంచడం ఆచారం. ఆ మిట్టెన్లపై సూర్యుడు, నక్షత్రం వంటి గుర్తులు చదరపు గళ్ళలో ఒదిగి ఉంటాయి. కుర్జెమె, విద్జెమె, జెమ్‌గలె, లాట్‌గలె అనే ఆ దేశపు ప్రాంతాలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగుల పొందిక ఉన్నది. తెలిసినవారు తొడుగు చూసి ఊరు చెప్పగలిగేవారు.

నార్వేలో ట్రాండ్‌హైమ్ నగరానికి సమీపాన సెల్బు అనే ప్రాంతమున్నది. అక్కడ 1857లో మారిట్ ఎమ్‌స్టాడ్ అనే యువతి నలుపు తెలుపు నూళ్ళతో ఎనిమిది రేకుల పువ్వు వచ్చేటట్లు మిట్టెన్లు అల్లి, వాటిని ధరించి చర్చికి వెళ్ళిందని స్థానిక చరిత్ర చెప్పుతున్నది. అంతవరకు అక్కడ ఒకే రంగు తొడుగులు వాడుకలో ఉండేవి. చూసినవారు మెచ్చుకొన్నారు, అల్లుకొన్నారు, కొత్త కొత్త పూలు చేర్చారు. కొన్ని దశాబ్దాలలో అది ఆ ప్రాంతపు స్త్రీలకు ఆదాయమార్గమైంది. 1934లో నాణ్యతను పరిశీలించి అమ్మకాలు జరపడానికి ఒక కేంద్రాన్ని కూడా నెలకొల్పారు. ఎనిమిది రేకుల నక్షత్రం మారిట్‌తోనే పుట్టినది కాదు. అనేక దేశాల ఎంబ్రాయిడరీలలోను, తివాచీలలోను అది పూర్వమే ఉన్నది. దానిని చేతి తొడుగుపైకి తెచ్చి, ఊరందరికీ అందించడమే ఆమె చేసిన మేలు.

కాగితం మీదికి వచ్చిన విద్య

చేతి నుండి చేతికి అందే విద్యకు ఒక బలమున్నది, ఒక బలహీనత ఉన్నది. పక్కన కూర్చుని నేర్పేవారుంటే అది సంపూర్ణంగా అందుతుంది. నేర్పేవారు లేనిచోట అక్కడితో ఆగిపోతుంది. ఈ లోపాన్ని తీర్చినది ముద్రణ. జర్మనీలోని ఔగ్స్‌బర్గ్ నగరంలో 1520ల నాటికే ఎంబ్రాయిడరీకి, నేతకు ఉపయోగించే నమూనాల పుస్తకాలు అచ్చయ్యాయి. అల్లికకు సంబంధించిన సూచనలు ఆంగ్లంలో 1655లో వెలువడిన ఒక గృహవైద్య గ్రంథంలో కనిపిస్తాయి. అందులో ఉన్నది మేజోళ్ళ అల్లిక. ఆ తరువాత దాదాపు రెండు శతాబ్దాలకు, 1840లో, స్కాట్లండులోని ఎడింబరోలో జేన్ గోగెన్ అనే మహిళ అల్లిక పుస్తకాన్ని ప్రచురించింది. ఒక్కొక్క కుట్టుకు ఒక్కొక్క సంకేతాక్షరం ఏర్పరచి, వరుసల వారీగా సూచనలు వ్రాయడం ఆమె పుస్తకంలోని విశేషం. ఆ విధంగా అల్లికకు ఒక లిపి ఏర్పడింది. ఆ లిపి చదవగలిగిన స్త్రీ ముఖమైనా చూడని మరొక స్త్రీ నుండి విద్య గ్రహించగలిగింది.

రంగుల మిట్టెన్లకు గళ్ళ కాగితం మరింత అనుకూలించింది. ఒక్కొక్క గడి ఒక్కొక్క కుట్టు. నల్లగా నింపిన గడి వద్ద నల్లనూలు, ఖాళీ గడి వద్ద తెల్లనూలు వాడాలి. వాకిట్లో చుక్కలు లెక్కించి ముగ్గు వేసే తెలుగు ఇల్లాలికి ఈ పద్ధతి కొత్తదిగా తోచదు. పదిహేను చుక్కలతో మొదలుపెట్టి ఒకటి వరకు తగ్గించుకొంటూ వచ్చే ముగ్గులోను, అరచేతి వద్ద విశాలంగా మొదలై వేళ్ళ కొనల వద్ద కుట్లు తగ్గుతూ మొనదేలే మిట్టెన్‌లోను ఉన్న గణితం ఒకటే.

కత్తిరించి కుట్టే దుస్తుల విషయంలో ఇటువంటి మార్పును అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన దర్జీ ఎబెనీజర్ బటరిక్ తెచ్చాడు. వివిధ కొలతలలో కత్తిరించిన కాగితపు అచ్చులను అతడు 1863లో అమ్మకానికి పెట్టాడు. ఆలోచన భార్య ఎలెన్‌దని చెబుతారు. అంతకు పూర్వం దర్జీల వద్ద వృత్తిరహస్యంగా ఉన్న కొలతలు దీనివల్ల సామాన్య గృహిణి చేతికి వచ్చాయి.

నేతకారుల కుటుంబాలకు నమూనా అన్న భావన మరింత సన్నిహితమైనది. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో 1804లో జోసెఫ్ మరీ జకార్డ్ రూపొందించిన సాధనంలో రంధ్రాలు చేసిన అట్టలే నమూనాలు. ఏ పోగు లేవాలో, ఏ పోగు ఆగాలో అట్ట చెబుతుంది. తెలంగాణ ప్రాంతం నుండి మహారాష్ట్రకు తరలివెళ్ళిన పద్మశాలి కుటుంబాలు సోలాపూరులో చద్దర్ల మగ్గాలపై ఈ జకార్డ్ అట్టలతోనే పువ్వులు తీర్చాయి. ఆ కుటుంబాలు తమ వెంట తీసుకొనిపోయిన ఆస్తిలో ముఖ్యమైనవి రెండు: చేతిలోని నేతవిద్య, నోటిలోని తెలుగు భాష.

ఇంటిలో తయారయ్యే తీరు

ఇంటిలో మిట్టెన్ తయారుచేసే పద్ధతులు ప్రధానంగా రెండు. గుడ్డ కత్తిరించి కుట్టడం మొదటిది. చేతిని కాగితంపై ఉంచి, నాలుగు వేళ్ళను చేర్చి, బొటనవేలిని కొంచెం ఎడంగా పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీత గీయాలి. ఆ గీతకు వెలుపల కుట్టు కోసం, కదలిక కోసం సెంటీమీటరు నుండి ఒకటిన్నర సెంటీమీటరు వరకు వదలి మరొక గీత గీయాలి. మణికట్టు వద్ద చెయ్యి దూరేటంత వెడల్పు ఉంచాలి. ఆ కాగితమే అచ్చు. గుడ్డను మంచివైపు లోపలికి వచ్చేటట్లు మడత వేసి, అచ్చు పెట్టి కత్తిరించి, మణికట్టు వైపు విడిచి చుట్టూ కుట్టాలి. బొటనవేలికీ అరచేతికీ మధ్యనున్న సందులో కుట్టు తెగకుండా చిన్న గాటు పెట్టాలి. లేనిచో తిరగవేసినప్పుడు అక్కడ గుడ్డ ముడతపడుతుంది. వెనుకభాగం ఒక ముక్కగా, అరచేతి భాగం రెండు ముక్కలుగా ఉండే మూడు ముక్కల అచ్చులో కుడి ఎడమల భేదం ఉంటుంది. రెండవ చేతికి అచ్చును బోర్లించడం మరచినవారికి రెండు కుడిచేతి తొడుగులే తయారవుతాయి. ఈ పొరపాటు చేయకుండా ఈ పని నేర్చినవారు అరుదు.

పాత ఉన్ని స్వెట్టరుతో మిట్టెన్లు కుట్టడం కూడా వాడుకలో ఉన్నది. స్వెట్టరును వేడినీటిలో ఉతికితే ఉన్ని కుదించుకొని దట్టమవుతుంది. అటువంటి గుడ్డను కత్తిరించినా అంచులు ఊడవు. స్వెట్టరు చేతి చివరనున్న బిగువు పట్టీ మిట్టెన్‌కు మణికట్టు పట్టీగా పనికివస్తుంది.

రెండవ పద్ధతి అల్లిక. ఇక్కడ నమూనా ఎంత ముఖ్యమో అల్లేవారి చెయ్యి అంత ముఖ్యం. ఉదాహరణకు ఒకరి అల్లికలో పది సెంటీమీటర్లకు 24 కుట్లు వస్తాయనుకొందాం. అరచేతి చుట్టుకొలత 20 సెంటీమీటర్లయితే 48 కుట్లు కావాలి. నమూనాలోని పువ్వు 12 కుట్ల వెడల్పుదైతే చుట్టూ సరిగా నాలుగు పువ్వులు వస్తాయి. పువ్వు 10 కుట్లదైతే 48 సరిపోదు. 40 గాని 50 గాని తీసుకోవాలి. మరొకరు వదులుగా అల్లి పది సెంటీమీటర్లకు 20 కుట్లే వేసేవారైతే, అదే 48 కుట్ల నమూనా 24 సెంటీమీటర్ల తొడుగవుతుంది. అది చేతికి నిలవదు. నమూనా ఒకటే, నూలు ఒకటే, ఫలితం మాత్రం వేరు. అందువల్ల అనుభవజ్ఞులు ముందుగా అరచేయంత చిన్న ముక్క అల్లి, కుట్లు లెక్కించుకొని, ఆ తరువాతనే పని ఆరంభిస్తారు. రెండు రంగుల అల్లికలో వాడని రంగు నూలు వెనుకవైపున సాగుతూ ఉంటుంది. దానివల్ల తొడుగు రెండు పొరలై వెచ్చదనం పెరుగుతుంది. అందానికి చేసిన పువ్వు చలికి కవచమూ అయింది.

యుద్ధాలు, ప్రవాసాలు

ఇంటి పనిగా ఉన్న అల్లిక దేశసేవగా మారిన సందర్భాలు యుద్ధకాలంలో కనిపిస్తాయి. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో ప్రవేశించినప్పుడు అక్కడి రెడ్ క్రాస్ సంస్థ సైనికుల కోసం ఉన్ని దుస్తులు అల్లవలసిందిగా ప్రజలను కోరింది. అదే సంవత్సరం ఏర్పడిన జూనియర్ రెడ్ క్రాస్ ద్వారా పాఠశాలల బాలబాలికలు కూడా ఈ పనిలో పాల్గొన్నారు. లక్షలాది చేతులు వేరువేరు ఊళ్ళలో చేసిన వస్తువులు ఒకే విధంగా ఉండాలి కనుక ముద్రించిన సూచనలు పంపిణీ చేశారు. తుపాకి మీట నొక్కడానికి వీలుగా చూపుడువేలికి కూడా వేరు గూడున్న మిట్టెన్లు ప్రపంచయుద్ధాల కాలంలో తయారయ్యాయి. భారతదేశంలోను 1962లో చైనాతో యుద్ధం జరిగినప్పుడు హిమాలయ సరిహద్దులలోని జవానుల కోసం దేశమంతటా స్త్రీలు ఉన్ని దుస్తులు అల్లి పంపారు. మంచు ఎన్నడూ చూడని ఊళ్ళలోని ఆడపిల్లలు కూడా అప్పుడు అల్లిక సూదులు పట్టారు.

అయితే నమూనా యొక్క అసలైన విలువను తెలిపినది లాట్వియా ప్రజల ప్రవాసచరిత్ర. 1940లో ఆ చిన్న దేశాన్ని సోవియట్ యూనియన్ ఆక్రమించింది. 1941 జూన్‌లో 15 వేలకు పైగా, 1949 మార్చిలో 42 వేలకు పైగా ప్రజలను సైబీరియా తదితర దూర ప్రాంతాలకు తరలించారు. వారిలో స్త్రీలు, పిల్లలు, వృద్ధులు అధికసంఖ్యలో ఉన్నారు. మరొకవైపు 1944లో యుద్ధం తిరిగి సమీపించినప్పుడు వేలాది కుటుంబాలు పడమటికి పారిపోయి జర్మనీలోని శరణార్థి శిబిరాలలో కొన్ని సంవత్సరాలు గడిపాయి. అనంతరం అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు దేశాలకు చేరుకొన్నాయి.

శిబిరాలలో వారు ఆరంభించిన తొలి పనులలో ఒకటి పాఠశాల. పిల్లలకు లాట్వియన్ భాషలో చదువు చెప్పారు. తరువాత స్థిరపడిన దేశాలలో సెలవురోజుల బడులు నడిపారు. పాటలు, నృత్యాలు, అల్లికలు ఆ బడుల చుట్టూ, సంఘాల చుట్టూ నిలిచాయి. ఇల్లు, పొలం, సమాధులు వెంట రాలేదు. మిట్టెన్ల జత వెంట వచ్చింది. జత లేనిచోట దాని లెక్క చేతులలో వచ్చింది. ఏ పువ్వుకు ఎన్ని కుట్లో, ఏ ఊరికి ఏ రంగో పెద్దవారు పిల్లలకు చెప్పారు. అమెరికాలో లిజ్‌బెత్ ఊపిటిస్ అనే రచయిత్రి లాట్వియా మిట్టెన్ల నమూనాలను సంకలనం చేసి 1981లో ఒక పుస్తకం ప్రకటించింది. ఆ పుస్తకంలోని పాఠం ఇంగ్లీషులోను, లాట్వియన్‌లోను ఉండడం గమనార్హం. పరాయి భాషలో చదివే మనుమరాలికి, సొంత భాషలో చదివే అమ్మమ్మకు మధ్యన ఒకే పుట మీద గళ్ళ కాగితం నిలిచింది.

1991లో లాట్వియా తిరిగి స్వతంత్రమైంది. 2006లో దాని రాజధాని రిగా నగరంలో నాటో దేశాల సమావేశం జరిగినప్పుడు అతిథులకు 4,500 జతల చేతి అల్లిక మిట్టెన్లను కానుకగా ఇచ్చారు. దేశం నలుమూలల స్త్రీలు వాటిని అల్లారు. పెళ్ళికూతురు అత్తవారింటి వారికి పంచిన కానుకనే ఒక దేశం లోకానికి పంచింది.

బడిలో చేతిపని

చేతిపనికి పాఠశాలలో స్థానమివ్వాలన్న ఆలోచన కూడా చలిదేశాలలోనే ముందుగా స్థిరరూపం దాల్చింది. ఊనో సిగ్నేయస్ ప్రోత్సాహంతో ఫిన్లండులో 1866లో ప్రాథమిక విద్యలో చేతిపనిని తప్పనిసరి చేశారు. స్వీడన్‌లో హుల్డా లుండిన్ అనే ఉపాధ్యాయిని బాలికల చేతిపనికి క్రమబద్ధమైన బోధనాపద్ధతిని రూపొందించింది. అల్లిక, కుట్టుపని, కొలతలు తీసుకొని నమూనా గీయడం అన్నవి తరగతి మొత్తానికి నల్లబల్లపై వివరించే పాఠాలయ్యాయి. సిద్ధంగా ఉన్న అచ్చును అనుసరించడంతో తృప్తిపడక, విద్యార్థిని తానే అచ్చు గీయగలగాలన్నది ఆ పద్ధతిలోని సారం.

భారతదేశంలో 1937లో వార్ధాలో జరిగిన విద్యాసదస్సులో గాంధీ మహాత్ముడు చేతివృత్తి ద్వారా విద్య అన్న సూత్రాన్ని దేశం ముందుంచారు. వడకడం, నేయడం అందులో ప్రధానమైనవి. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం సామాజికోపయోగ ఉత్పాదక శ్రమ అన్న పేరుతో చేతిపనికి పాఠ్యప్రణాళికలో చోటు కల్పించవలసిందిగా సూచించింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు పిల్లలు పుస్తకాల సంచీ లేకుండా పది రోజులు స్థానిక వృత్తిదారుల వద్ద పని నేర్చుకోవాలని పేర్కొన్నది. ఇన్ని పేర్లు మారినా పరీక్షల ఒత్తిడి ముందు చేతిపని గంట లెక్కల గంటగానో, ఇంగ్లీషు గంటగానో మారిపోవడం ఉపాధ్యాయులందరికీ తెలిసినదే. కుట్టుపని గంట బాలికలకే పరిమితమై ఉండడం మరొక లోపం. 48 కుట్లను 12 చేత భాగించిన పిల్లవాడు లెక్కల గంటను పోగొట్టుకొన్నట్లు కాదు. తన లెక్క తప్పయితే తొడుగు చేతికి పట్టదు. దిద్దడానికి ఎర్రసిరా అవసరం లేని పాఠమది.

ఉపాధ్యాయిని చేతిపని ఎంతదూరం పోగలదో ఇటీవలి కాలంలో ఒక సంఘటన చూపింది. 2021 జనవరి 20న అమెరికా అధ్యక్షుని ప్రమాణస్వీకారోత్సవంలో బెర్నీ సాండర్స్ అనే సెనేటరు పెద్ద మిట్టెన్లు ధరించి చలిలో కూర్చున్న ఛాయాచిత్రం ప్రపంచమంతటా ప్రచారమైంది. ఆ మిట్టెన్లు వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన జెన్ ఎల్లిస్ అనే పాఠశాల ఉపాధ్యాయిని పాత ఉన్ని స్వెట్టర్లు కత్తిరించి కుట్టి ఆయనకు కానుకగా ఇచ్చినవి. లోపలి మెత్తని పొర ప్లాస్టిక్ సీసాలను కరిగించి తయారుచేసిన గుడ్డతో కుట్టినది. ఆ చిత్రాన్ని ముద్రించిన దుస్తుల అమ్మకం ద్వారా కొద్దిరోజులలోనే 18 లక్షల డాలర్లు వెర్మాంట్‌లోని ధర్మసంస్థలకు సమకూరాయి. పారవేయవలసిన స్వెట్టరు, ఒక అచ్చు, కొన్ని గంటల ఓపిక దీనికి మూలధనం.

అచ్చు కాగితం, అరచెయ్యి

తెలుగు ఇళ్ళలో మిట్టెన్ ఒక్క దశలో తప్పక కనిపిస్తుంది. పురిటిబిడ్డ తన గోళ్ళతో ముఖం గీరుకోకుండా చేతులకు చిన్న సంచుల వంటి తొడుగులు వేస్తారు. వీటికి బొటనవేలి గూడు ఉండదు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర ముక్కతోనో, పాత పంచె ముక్కతోనో అమ్మమ్మలు, నాయనమ్మలు వాటిని కుట్టేవారు. లోపల వేలాడే పోగు బిడ్డ వేలికి చుట్టుకొంటే రక్తప్రసరణ ఆగే ప్రమాదముంది. అందుచేత కుట్టు వెలుపలి వైపునకు వచ్చేటట్లు కుట్టడం, ప్రతిసారీ తిరగవేసి చూడడం వారు పాటించిన జాగ్రత్త. కొన్న తొడుగులు వాడే నేటి తల్లులకు కూడా ఆ జాగ్రత్త అవసరమే. ఆ చిన్న తొడుగులకు కాగితపు అచ్చు లేదు. బిడ్డ పిడికిలే అచ్చు.

పిడికిలి పెరుగుతుంది. నిరుటి అచ్చు ఈ ఏటి చేతికి సరిపోదు. అందువల్ల నమూనాను భద్రపరచడమంటే పాత కాగితాన్ని పెట్టెలో దాచడం కాదని మిట్టెన్ల చరిత్ర బోధిస్తున్నది. సెల్బు స్త్రీలు మారిట్ పువ్వును తీసుకొని కొత్త పూలు చేర్చారు. లాట్వియా అమ్మమ్మలు పరాయి దేశంలో దొరికిన నూలుతోనే తమ ఊరి సూర్యుణ్ణి అల్లారు. నూలు మారింది, చేతి కొలత మారింది, లెక్క మాత్రం నిలిచింది. అల్లడం మానివేసిన నమూనా వస్తుప్రదర్శనశాలకు చేరుతుంది. అల్లుతున్న నమూనా చేతికి వెచ్చదనమిస్తుంది.

సీమ వెలుపలి తెలుగు కుటుంబాలకు భాష విషయంలో వర్తించేదీ ఇదే. ఇంటి బీరువాలో తెలుగు పుస్తకాలుండడం మంచిదే, కాని అది చాలదు. పిల్లవాడు ఇరుగుపొరుగు భాష నేర్చి, ఇంగ్లీషు నేర్చి, వాటి మధ్యనే తన తెలుగును తన వయస్సు కొలతకు తగినట్లు వాడుకోవాలి. అందుకు ఇంటిలో ఒకరు పక్కన కూర్చోవాలి, బడిలో ఒకరు నల్లబల్లపై గీయాలి. పూర్వవిద్యార్థులు తమ పిల్లల చేతిని కాగితంపై పెట్టి ఒకసారి గీత గీయించి, ఆ అచ్చుతో వారిచేతనే ఒక తొడుగు కుట్టించవచ్చును. ఆ కాగితం మీద పేరు, తేదీ తెలుగులో వ్రాయించడం మరువరాదు. మరుసటి సంవత్సరం చెయ్యి ఎంత పెరిగిందో, వ్రాత ఎంత కుదిరిందో రెండూ ఆ ఒక్క కాగితమే చెబుతుంది.